అనంతగిరి దగ్గర టెంట్ క్యాంప్, ఇద్దరు చిన్నపిల్లలతో: ఐదుకి మూడు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, మూడు స్టార్లు. చోటుకైతే ఐదు ఇవ్వొచ్చు, టెంట్‌కి నాలుగు, కానీ చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఈ క్యాంప్ టైమింగ్స్ అస్సలు పనికిరావు, అందుకే మూడు దగ్గర ఆగాను. పేరు కావాలనే రాయట్లేదు. వికారాబాద్ చుట్టుపక్కల ఇలాంటి క్యాంపులు బోలెడు వచ్చాయి, బుక్ చేసేముందు ఫోన్ చేసి కనుక్కున్న మిగతా చోట్ల కూడా దాదాపు ఇదే వరస: సాయంత్రం నాలుగింటికి చెక్ ఇన్, ఆరింటికి స్నాక్స్, తొమ్మిదింటికి క్యాంప్‌ఫైర్, ఆ తర్వాతే డిన్నర్, పొద్దున పదికల్లా ఖాళీ చేసెయ్యాలి. ఐటీ ఆఫీసుల గ్యాంగులకీ, కొత్తగా పెళ్లైన జంటలకీ ఇది బాగానే ఉంటుంది. ఎనిమిదింటికి కళ్లు మూతలు పడే పిల్లలున్న ఇంటికి కాదు. కాబట్టి మీరు అక్కడ ఏ క్యాంప్ బుక్ చేసినా ఇందులో మీకు పనికొచ్చేది ఏదో ఒకటి ఉంటుంది.

మేం నలుగురం. నేను, మా ఆయన, యూకేజీ చదివే బాబు, మూడేళ్లు ఇంకా నిండని పాప. ఫస్ట్ టైమ్ ఆరుబయట టెంట్‌లో పడుకోవడం అందరికీ. మా అమ్మకి చెబితే "ఇంట్లో మంచాలు పెట్టుకుని అడవిలో పడుకోవడానికి డబ్బులు కడుతున్నారా, పసిదానికి జలుబు చేస్తే చూడు నీ సంగతి" అంది, అది మామూలే. అనంతగిరే ఎందుకంటే, హైదరాబాద్ నుంచి ఎనభై కిలోమీటర్ల లోపే. మొదటిసారికి కొండలూ జలపాతాలూ ఎంత బాగున్నాయన్నది కాదు చూడాల్సింది, అర్ధరాత్రి పాపకి జ్వరం వస్తే రెండు గంటల్లో ఇంట్లో ఉండగలమా లేదా అన్నది. అరకు, లంబసింగి అని ఊరించేవాళ్లు చాలామంది ఉంటారు, వాటికి వచ్చే ఏడాదో ఆ పై ఏడాదో వెళ్లొచ్చు, అవి ఎక్కడికీ పోవు.

రోడ్డు గురించి రెండు ముక్కలు. అప్పా జంక్షన్ నుంచి మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్, అదే రూటు. చేవెళ్ల దారిలో రెండు పక్కలా ఆ పెద్ద పెద్ద మర్రిచెట్లు ఉంటాయి కదా, ఊడలు వేలాడుతూ, వాటి కోసమైనా పగలే వెళ్లాలి. పగలే అనడానికి అసలు కారణం వేరే ఉంది, టిప్పర్లు, బస్సులు, ఓవర్‌టేక్ చేసే కార్లు, చీకటిపడ్డాక ఆ రోడ్డు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని రావడం నాకైతే ఇష్టం లేదు. లంచ్ ఇంట్లోనే తినేసి ఒంటిగంటకి బయల్దేరితే పిల్లలిద్దరూ కార్లో నిద్రపోతారు, ఆ నిద్ర రాత్రికి చాలా అవసరం పడుతుంది, అదెందుకో కింద రాస్తా. చేవెళ్ల దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు, పూలు తాజాగా ఉంటాయి కానీ వెళ్లేటప్పుడు కొనొద్దు, వచ్చేటప్పుడు కొనుక్కోండి.

క్యాంప్ చోటు మాత్రం నిజంగా బాగుంది. మామిడి తోట, దాని వెనక ఫారెస్ట్ కంచె, ఎర్రమట్టి నేల, వరసగా టెంట్లు, మధ్యలో మంట వేసే గుండ్రటి చోటు. బురద లేదు, చుట్టూ గడ్డి కొట్టేసి శుభ్రంగా పెట్టారు, సోలార్ లైట్లున్నాయి, కారు టెంట్‌కి దగ్గర్లోనే పెట్టుకోనిచ్చారు. ఈ చివరిది చిన్న విషయంలా ఉంటుంది కానీ పిల్లలున్నప్పుడు కారే బీరువా, కారే కిచెన్, కారే ఏడుపు గది, కాబట్టి పార్కింగ్ ఎక్కడో మెయిన్ రోడ్డు దగ్గర, అక్కడి నుంచి నడిచి రావాలి అంటే వేరే క్యాంప్ చూసుకోండి.

టెంట్ ఫోర్ పర్సన్ డోమ్ అన్నారు. ఫోర్ పర్సన్ అంటే నలుగురు పెద్దవాళ్లు భుజానికి భుజం ఆనించి కదలకుండా పడుకుంటే పడతారని అర్థం, కంపెనీలు అలాగే లెక్కేస్తాయి, బ్యాగులకి చోటు అందులో కలపరు. ఇద్దరు పెద్దలు ఇద్దరు చిన్నవాళ్లకి ఓకే. నిలబడ్డానికి ఉండదు, మోకాళ్ల మీదే అన్నీ. డబుల్ లేయర్ టెంట్ అది, లోపల నెట్ ఉన్న గుడ్డ, పైన వాన షీటు, రెండిటికీ మధ్య ఖాళీ. ఇది తప్పకుండా అడిగి తెలుసుకోండి, ఎందుకంటే నలుగురం రాత్రంతా వదిలే ఊపిరికి ఆ పై షీటు లోపలివైపు తడిసిపోతుంది, సింగిల్ లేయర్ అయితే ఆ చెమ్మ తెల్లారుజామున మొహం మీదే పడుతుంది, మనమేమో వాన పడిందనుకుంటాం. చలి అని చెప్పి పైన ఉన్న గాలి కిటికీలన్నీ మూసేస్తే ఇంకా ఎక్కువ తడుస్తుంది, కొంచెం తెరిచే ఉంచాలి. జిప్పులు బాగా పనిచేశాయి, ఒక్కటి కూడా ఇరుక్కోలేదు. నేను వెళ్లగానే చూసింది జిప్పులే, పరుపులు తర్వాత.

జిప్పుల పిచ్చి ఎందుకంటే పాములు. భయపెట్టడానికి రాయట్లేదు, అది పొలం పక్కన అడవి, ఉంటాయి. కట్లపాము తిరిగేది రాత్రుళ్లే, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, చాలాసార్లు కాటు నొప్పి కూడా తెలీదు. అందుకని జిప్పు చివరిదాకా వెయ్యడం, చెప్పులు బయట వదలకుండా రెండు పొరల మధ్య పెట్టుకోవడం, వేసుకునే ముందు దులపడం, బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు టార్చ్ కాళ్ల ముందు వెయ్యడం, ఇవి మా బాబుకి ఆటలాగా వారం ముందు నుంచే నేర్పించాం. ఏదైనా అయితే తాడు కట్టడాలు కొయ్యడాలు ఏమీ లేకుండా 108కి ఫోన్ చేసి నేరుగా వికారాబాద్ గవర్నమెంట్ హాస్పిటల్‌కి పోవాలి అని మేమిద్దరం ముందే అనుకున్నాం. క్యాంప్ వాళ్లని అడిగితే వాళ్లకీ దగ్గరి హాస్పిటల్ ఏదో, ఎంతసేపు పడుతుందో టక్కున తెలుసు, ఆ విషయంలో వాళ్లకి ఫుల్ మార్కులు. మీరు ఫోన్ చేసినప్పుడు ఈ ప్రశ్న అడిగి అవతల ఎంతసేపు మౌనంగా ఉంటారో చూడండి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం.

మా బాబు వారం రోజులుగా కలవరించింది ఒక్కటే, మంట. క్యాంప్‌ఫైర్ అంటే ఏంటో స్కూల్ పుస్తకంలో బొమ్మ చూశాడు, అందులో పిల్లలు పుల్లకి ఏదో గుచ్చి కాల్చుకుంటున్నారు, వాడికి అదే కావాలి. ఐదున్నరకి చీకటి పడడం మొదలైంది, వాడు వెళ్లి ఆ రాళ్ల వలయం పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆరున్నరకి అడిగాడు, ఏడింటికి అడిగాడు. నేను వెళ్లి మేనేజర్ కుర్రాడితో "కొంచెం ముందు వెలిగించండి బాబూ, పిల్లలు పడుకుంటారు" అంటే "మిగతా గెస్టులు ఇంకా రాలేదు మేడమ్, హైదరాబాద్ నుంచి బయల్దేరారంట, తొమ్మిదింటికి స్టార్ట్ చేస్తాం" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఎనిమిదింబావుకి మావాడు చేతిలో పుల్ల పట్టుకునే కుర్చీలో నిద్రపోయాడు. పుల్ల చివర మార్ష్‌మాలో గుచ్చి ఉంది. అది తీసి చీమలు పట్టకుండా కాగితంలో చుట్టి, వాణ్ని ఎత్తుకుని లోపల పడుకోబెట్టాం. తొమ్మిదిన్నరకి మంట వెలిగింది. వెలిగించినప్పుడు అందరూ ఈలలేసి కేకలు పెట్టారు, పాప ఉలిక్కిపడి లేచింది, వాడు లేవలేదు.

తర్వాత స్పీకర్. ఒక గ్యాంగ్ బ్లూటూత్ స్పీకర్ పెద్దది తెచ్చుకున్నారు, క్యాంప్ వాళ్లదీ ఒకటి ఉంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్యం రూల్స్ ఉన్నాయి, ఆ సంగతి మా ఆయన వెళ్లి చెబితే సౌండ్ తగ్గించారు, పావుగంట ఆగి మళ్లీ పెరిగింది. ఆ పిల్లల్నీ ఏమీ అనలేను, వాళ్లు వచ్చింది అందుకే. టెంట్ గుడ్డకి గోడ ఉండదు, పక్క టెంట్‌లో ఆవులించినా మనకి వినిపిస్తుంది. ఫ్యామిలీలకి ఒక మూల, మ్యూజిక్ వాళ్లకి ఇంకో మూల పెట్టొచ్చు కదా, తోట అంత పెద్దగా ఉన్నప్పుడు. ఇదొక్కటి చేస్తే సగం రివ్యూ మారిపోయేది.

తిండి విషయానికొస్తే స్నాక్స్ మిరపకాయ బజ్జీలు, చికెన్ బార్బిక్యూ, మొక్కజొన్న కంకులు. పెద్దవాళ్లకి అదిరిపోయాయి, బార్బిక్యూ నిజంగా బాగుంది, మసాలా లోపలిదాకా పట్టింది, మాడలేదు. పిల్లలు తినగలిగేది కంకి ఒక్కటే. డిన్నర్ బిర్యానీ, రైతా, రోటీ, పనీర్, వచ్చేసరికి పది దాటింది. మేం ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం తీసుకెళ్లడం వల్ల బతికిపోయాం, కానీ పాపకి వేడిగా ఏదైనా కావాలి కదా, అందుకని ఏడింటికి వంట దగ్గరికి వెళ్లి అడిగా. అక్కడ వంట చేసే పెద్దాయన "పిల్లకా అమ్మా, మాకోసం వండుకున్న అన్నం, పప్పుచారు ఉన్నాయి, కారం తక్కువే" అని స్టీల్ ప్లేట్‌లో పెట్టి నెయ్యి కూడా వేసిచ్చాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మూడు స్టార్లలో ఒకటి పూర్తిగా ఆయనదే. ఆ పప్పుచారు మెనూలో పెట్టి ఏడింటికి పిల్లల డిన్నర్ అని బోర్డు రాస్తే చాలు, ఈ క్యాంప్ వాళ్ల దగ్గర అన్నీ ఉన్నాయి, కొత్తగా ఏమీ కొననక్కర్లేదు.

టాయిలెట్లు: వెస్టర్న్, ఇండియన్ రెండూ ఉన్నాయి, నీళ్లు ఆగలేదు, లైటు ఉంది, బోల్ట్ పడుతుంది. వీకెండ్ రాత్రి పన్నెండు తర్వాత ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. కానీ టెంట్ల వరస చివరి నుంచి అక్కడికి చాలా దూరం, పైగా ఎగుడుదిగుడు నేల, నిద్రలో ఉన్న పిల్లాణ్ని రాత్రి రెండింటికి అంతదూరం నడిపించడం అయ్యే పని కాదు. మేం పాప పాటీ సీటు కార్లో వేసుకెళ్లాం, టెంట్ పక్కనే పెట్టి వాడాం, కింద కవర్ వేసి పొద్దున పారేశాం. ఈ ట్రిప్‌లో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చిన వస్తువు అదే, హెడ్‌ల్యాంప్ దాని తర్వాత. ఫోన్ టార్చ్ అయితే ఒక చెయ్యి పోతుంది, పిల్లని ఎత్తుకుని, జిప్పు తీసి, చెప్పులు వేసుకోవాలంటే రెండు చేతులూ కావాలి.

చలి. వికారాబాద్ జిల్లా చలికాలంలో హైదరాబాద్ కంటే బాగా చల్లగా ఉంటుంది, పేపర్లో తక్కువ ఉష్ణోగ్రతల లిస్టులో మోమిన్‌పేట, మర్పల్లి పేర్లు చూసే ఉంటారు, అవన్నీ ఈ జిల్లావే. క్యాంప్ వాళ్లు ఇచ్చిన పరుపు పల్చటిది, దుప్పటి మందంగా ఉంది. చాలామంది పైన ఎన్ని కప్పుకోవాలా అని ఆలోచిస్తారు కానీ టెంట్‌లో చలి కిందనుంచి వస్తుంది, ఒంటి వేడి అంతా నేల లాగేసుకుంటుంది. మా ఇంట్లో గాలి కొట్టే పరుపు ఉంది, అది తీసుకెళ్దామని మా ఆయన అంటే నేనే వద్దన్నా, లోపల ఉన్న గాలి చల్లబడి వీపు గడ్డకడుతుంది, పిల్లలు అటు దొర్లితే మనం ఇటు లేస్తాం. డెకాథ్లాన్‌లో దొరికే మడతపెట్టే ఫోమ్ మ్యాట్లు రెండు వేసి, దానిమీద వాళ్ల పరుపు, దానిమీద మన ఇంటి బొంత వేశాం, పిల్లలిద్దరూ మధ్యలో, మేం అటూ ఇటూ. చెవులకి టోపీ, కాళ్లకి సాక్సులు, పలచటి బట్టలు రెండు మూడు వరసలు. పాపని పెద్దవాళ్ల స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టొద్దు, లోపలికి జారిపోయి మొహం కప్పుకుపోతుంది. తెల్లారుజామున నా ముక్కు మంచుముద్ద, పిల్లల చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

ఇంకోటి. పక్క టెంట్ వాళ్లు చలికి తట్టుకోలేక మంటలో మిగిలిన నిప్పులు ఒక బాండీలో వేసుకుని టెంట్‌లో పెట్టుకోబోయారు, పని చేసే అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఆపాడు. మంచి పని చేశాడు. బొగ్గులు పొగ రాకపోయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి, దానికి వాసన ఉండదు, నిద్రలో తెలీదు, మనుషులు పోతారు. ఇంట్లో కుంపటి పెట్టుకున్న అలవాటున్న వాళ్లు టెంట్‌లో కూడా పెట్టొచ్చనుకుంటారు, పెట్టకూడదు, తలుపు కొంచెం తెరిచి ఉంచినా సరే.

దోమలు చలికాలం కాబట్టి తక్కువే, సాయంత్రం ఆరు ఏడు మధ్య మాత్రం ఉన్నాయి. ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతులు, మిగిలినచోట పిల్లలకి పనికొచ్చే క్రీమ్. ఇక్కడ ఒక జాగ్రత్త, నేచురల్ అని రాసి ఉంటుంది కదా అని లెమన్ యూకలిప్టస్ నూనె ఉన్నవి పాపకి రాసేయొద్దు, మూడేళ్ల లోపు పిల్లలకి అది వద్దంటారు, డీట్ అనే దోమల మందు ఉన్నవి రెండు నెలల లోపు పసివాళ్లకి వద్దు. చిన్నపిల్లల చేతులకి ఏదీ రాయకండి, ఆ చెయ్యి నేరుగా నోట్లోకి, కంట్లోకి వెళ్తుంది.

ఇక పొద్దున. ఈ పొద్దున కోసమే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది. రాత్రి పదకొండున్నర దాకా గోల చేసినవాళ్లంతా గాఢనిద్రలో ఉంటారు, ఆరింటికి లేచేది చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్లే, అంటే తోట మొత్తం మీదే. నెమళ్లు అరుస్తుంటాయి, కనిపించవు. మంచు మామిడి ఆకుల చివర్ల నుంచి టప్ టప్‌మని టెంట్ మీద పడుతుంటుంది. మా పాప చెప్పుల్లేకుండా ఎర్రమట్టిలో దిగి, రెండు కాళ్లూ చూసుకుని, "అమ్మా పారాణి" అంది. బాబుకేమో చెట్టుకింద మెత్తటి మట్టిలో గుండ్రటి చిన్న గుంటలు దొరికాయి, అడుగున ఒక పురుగు దాక్కుని ఉంటుంది, చీమ జారి పడితే పట్టుకుంటుంది. వాడు గడ్డిపరకతో గుంట అంచు మెల్లగా గీకాడు, మట్టి జారింది, లోపలి నుంచి ఏదో మట్టి పైకి విసిరింది. వాడు "ఎవరో కొడుతున్నారు" అని వెనక్కి దూకాడు. తర్వాత గంటన్నర ఆ గుంటల దగ్గరే. ఫోన్ అడగలేదు, బొమ్మలు అడగలేదు, మేం మోసుకెళ్లిన ఫ్రిస్‌బీ, బుడగలు చేసే డబ్బా, కలరింగ్ పుస్తకం సంచీలోంచి బయటికే రాలేదు. వాటి బదులు ఒక భూతద్దం, చిన్న పార, రెండు జతల బట్టలు ఎక్కువ పట్టుకెళ్లండి.

మంట కూడా పొద్దున్నే దొరికింది వాడికి. మంట దగ్గర బూడిద కింద నిప్పులు ఇంకా ఉన్నాయి, నిన్న బాండీ ఆపిన అబ్బాయే వచ్చి నాలుగు ఎండుపుల్లలు వేసి ఊది వెలిగించాడు, కాగితంలో చుట్టిన ఆ మార్ష్‌మాలో తీసి మావాడు కాల్చుకున్నాడు. ఒకవైపు నల్లగా మాడింది. తినేసి "స్కూల్ పుస్తకంలోది ఇలా లేదు" అన్నాడు, కంప్లైంటో మెప్పో తెలీలేదు.

కోతుల సంగతి తెలిసే ఉంటుంది. ఏడున్నరకి ఒక గుంపు దిగింది, ఒక టెంట్‌లో చిప్స్ ప్యాకెట్ వాసన పట్టి నెట్ చింపేసింది. మావన్నీ కారు డిక్కీలో ఉన్నాయి కాబట్టి మాకేం కాలేదు. టెంట్‌లో బిస్కెట్ ముక్క కూడా ఉంచొద్దు, చీమలకైనా కోతులకైనా అదే మందు. బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదిన్నరకి ఇడ్లీ, ఉప్మా, వేడిగా బాగున్నాయి, టీ అయితే రెండోసారి అడిగి మరీ తాగాం.

ఖాళీ చేశాక కొండమీద అనంత పద్మనాభస్వామి గుడికి వెళ్లాం. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. మన ఇంటికి వెళ్లేటప్పుడు బ్రిడ్జి మీద ముక్కు మూసుకుంటాం కదా, ఆ నది ఇక్కడిదే అని చెబితే మావాడు గుండం దగ్గర వంగి వాసన చూసి "కాదు, ఇది మంచి నీళ్లు" అని తేల్చేశాడు. గుడి దగ్గర కోతులు ఇంకా ఎక్కువ, కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని నడవొద్దు. చాలామంది అటునుంచి కోట్‌పల్లి ప్రాజెక్టుకి వెళ్లి కయాకింగ్ చేస్తారు, మేం వెళ్లలేదు, పాప సైజు లైఫ్ జాకెట్ ఉంటేనే నీళ్ల మీదకి అని మా ఇద్దరి మధ్య ఒప్పందం, పైగా అప్పటికే పిల్లలు అలిసిపోయారు. ఒక రాత్రి, ఒక గుడి, అంతే, మొదటిసారికి అది చాలు, ఇంకోటి కలిపితే వచ్చేటప్పుడు కారంతా ఏడుపే.

డబ్బులు: శనివారం రాత్రికి పెద్దవాళ్లకి తలా 1,500, ఐదేళ్లు దాటిన పిల్లలకి సగం, లోపు వాళ్లకి ఫ్రీ అన్నారు. టెంట్, స్నాక్స్, డిన్నర్, బ్రేక్‌ఫాస్ట్ అన్నీ అందులోనే. ఆ రేటుకి న్యాయమే అనిపించింది. సగం ముందే ఫోన్‌పేలో కట్టించుకున్నారు, వాన పడితే తేదీ మారుస్తామన్నారు కానీ డబ్బు వెనక్కి ఇవ్వరంట, అది వాట్సాప్‌లో రాయించుకున్నా.

మీరు ఎక్కడ బుక్ చేసినా డబ్బు కట్టేముందు ఇవి అడగండి, నేను అడిగినవీ అడిగుంటే బాగుండేదనిపించినవీ కలిపి రాస్తున్నా. మంట ఎన్నింటికి, ముందు వెలిగిస్తారా. పిల్లలకి ఏడింటికి కారం లేని అన్నం పెడతారా. మ్యూజిక్ ఎన్నింటికి ఆపుతారు, ఆ టైమ్‌కి ఎవరు ఆపిస్తారు. బాత్రూమ్‌కి దగ్గర్లో ఉన్న టెంట్ ఇస్తారా. కారు పక్కనే ఉంటుందా. బావి, కుంట, స్విమ్మింగ్ పూల్ లాంటివి ఏమైనా ఉన్నాయా, ఉంటే చుట్టూ కంచె ఉందా. ఈ చివరి ప్రశ్నకి "చిన్నదే మేడమ్, లోతు లేదు" అని జవాబొస్తే వద్దు. ఫోటోలు చూసి బుక్ చెయ్యకండి, అన్ని క్యాంపుల ఫోటోలూ ఒకేలా ఉంటాయి, టెంట్ లోపల పసుపు లైటు, బయట నక్షత్రాలు.

నక్షత్రాలు నిజంగానే ఉన్నాయి మళ్లీ, అది అబద్ధం కాదు. పాప ఉలిక్కిపడి లేచినప్పుడు ఎత్తుకుని కాసేపు వెనకవైపు చీకట్లోకి నడిచా, మూడు చుక్కల గొల్లకావడి ఆకాశంలో కనిపించింది, మా అమ్మమ్మ డాబా మీద చూపించేది, హైదరాబాద్‌లో మా బాల్కనీ నుంచి అటువైపు కనిపించేది హోర్డింగ్.

వెళ్లేముందు ఇంట్లో హాల్లో ఒక రాత్రి టెంట్ వేసుకుని పడుకోండి, టెంట్ లేకపోతే దోమతెర కట్టి అయినా సరే. ఫ్రెండ్ దగ్గర అడిగి తెచ్చి మేం అలాగే చేశాం, పాప జిప్పు చప్పుడుకి భయపడుతుందని అక్కడే తెలిసిపోయింది, ఆ భయం ఇంట్లోనే తీరిపోయింది. నెలలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి తర్వాత ఎండలకి ఆకులన్నీ రాలి అడవి ఎండిపోతుంది, మంటలు ప్రమాదం, టెంట్‌లో పొద్దున ఏడు దాటితే ఉండలేం. వానాకాలం పచ్చగా బాగుంటుంది కానీ ఎర్రమట్టి బురద, తడి బట్టలు, చిన్నపిల్లలు, ఈ మూడూ కలిపి నావల్ల కాదు.

శనివారం వెళ్లొద్దు. ఇది క్యాంప్ మేనేజరే వెళ్లేటప్పుడు నాతో చెప్పాడు, "అక్కా, ఆదివారం రాత్రి రండి, ఎవరూ ఉండరు, రేటు కూడా తగ్గిస్తా, మీకు నచ్చినప్పుడు మంట వేసుకోండి" అని. రాత్రి మేడమ్, పొద్దునకి అక్కా అయిపోయా. యూకేజీ పిల్లాడికి సోమవారం ఒక్కరోజు స్కూల్ పోతే ఏమీ మునిగిపోదు, మా ఆయనకి లీవ్ దొరకడమే కష్టం. ఫ్యామిలీలకి వేరే వరస పెట్టమని, ఏడింటికి పిల్లల అన్నం పెట్టమని నేనూ చెప్పా, "ఓనర్‌తో మాట్లాడతా అక్కా" అన్నాడు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒక ఆదివారానికి మళ్లీ అడిగి ఉంచా. అప్పటికి ఆ పప్పుచారు మెనూలోకి వస్తే నాలుగో స్టార్ ఇచ్చేస్తా, స్పీకర్ కూడా పదింటికి ఆగితే ఐదోది.